అడుగు పొరలో బావగారు

కొత్తపేటలో కొండబాబు ఇల్లెక్కడని అడిగితే చాలామంది తెల్లమొహం వేస్తారు. దోమతెరలో బొమ్మని పడుకోబెట్టి, తను బయట దోమల చేత కుట్టించుకునే ఆయన ఇల్లెక్కడ అంటే మాత్రం పని మానుకుని మరీ గుమ్మం దాకా దిగబెడతారు. ఇందులో అతిశయోక్తి ఏమీ లేదు. ఆ ఇంట్లో ఉన్నది ఒకటే దోమతెర, పెళ్ళిలో అత్తవారు పెట్టింది. అది ఇప్పుడు పెరటి షెడ్డులో, బల్ల మీద ఆరుతున్న రెసిన్ బొమ్మకి కట్టి ఉంటుంది. కొండబాబూ, అతని భార్య రాజ్యలక్ష్మీ కాయిల్ వెలిగించుకుని పడుకుంటారు.

రెసిన్ అంటే బ్రహ్మవిద్య ఏమీ కాదు. రెండు డబ్బాల్లో రెండు ద్రవాలు వస్తాయి. రెండూ కలిపి పోస్తే ముందు తేనెలా పారుతుంది, మర్నాటికి గాజులా బిగుస్తుంది. ఈలోగా దాని మీద దోమ వాలిందా, ఆ దోమ చిరంజీవి. కొండబాబు ముందు ట్యాబ్ మీద బొమ్మ గీస్తాడు. దాన్ని భాగాలుగా విడదీసి, అవతలి పక్క కనిపించే పల్చటి షీట్ల మీద ప్రింటు తీయిస్తాడు. అడుగున ఒక షీటు, దాని మీద రెసిన్, అది బిగిశాక మరో షీటు, మళ్ళీ రెసిన్. అలా పొర మీద పొర వేసుకుంటూ పోతే, చివరికి బొమ్మ తేటపడ్డ కాలవలోకి తొంగి చూసినట్టు లోతుగా కనిపిస్తుంది. రాజ్యలక్ష్మి జాకెట్లు కుడుతుంది కాబట్టి ఆవిడకి ఈ పని మొదటిరోజే అర్థమైంది. "లైనింగే కదండీ, మీరు నాలుగు వేస్తున్నారు" అంది. ఊరికి మాత్రం అర్థం కాలేదు.

ఈ పనిలోకి రాకముందు కొండబాబు అమలాపురంలో సత్యప్రసాద్ గారి ఫ్లెక్సీల షాపులో డిజైనరు. ఫ్లెక్సీ అంటే తెలుసు కదా, తలకాయలు. పుట్టినరోజు ఎవరిదైనా కానివ్వండి, పైన గుండ్రాల్లో పెద్దల తలలు, పక్కల్లో మిత్రుల తలలు, కింద చేతులు జోడించిన తలలు. ఒక తల పక్క తల కంటే వేలెడు చిన్నదైతే మర్నాడు షాపు ముందు పంచాయితీ. అడిగినవాడికల్లా కొండబాబు "ఆయ్" అనేవాడు. అతనికి కాదనడం చేతకాదు. కొందరికి ఈత రాదు, కొందరికి పాట రాదు, ఇతనికి "కుదరదండి" అన్న మాట రాదు.

ఒకసారి అలాగే వచ్చినవాళ్ళందరికీ ఆయ్ అంటూ ఒక పుట్టినరోజు ఫ్లెక్సీలో తలలన్నీ ఇరికించాడు. ఇరికించాక చూస్తే పుట్టినరోజు ఆయనకి చోటు మిగల్లేదు. ఆ సంగతి కొండబాబు చూసుకోలేదు, షాపులో ఎవరూ చూసుకోలేదు. ఫ్లెక్సీ సెంటర్లో కట్టేశారు. పుట్టినరోజు ఆయన దాని కింద నిలబడి ఫొటో దిగి, షాపుకొచ్చి, "చాలా నిండుగా వచ్చిందండి" అని మెచ్చుకుని వెళ్ళాడు. ఆ సాయంత్రమే కొండబాబు ఉద్యోగం మానేశాడు. తలలు లేని బొమ్మ ఒక్కటైనా వేసి చావాలి అనిపించిందతనికి.

"ఎక్కడికెళ్తారండీ, ఊరు తిరిగి మళ్ళీ మీరే వస్తారు. మీ కుర్చీలో ఎవర్నీ కూచోబెట్టను లెండి" అన్నారు సత్యప్రసాద్ గారు. దీవిస్తున్నారో శపిస్తున్నారో తెలియలేదు.

మొదటి బొమ్మ కాలవ వేశాడు. అడుగు పొరలో నాచూ చేపలూ, దాని పైన నీళ్ళు, ఆ పైన గుర్రపుడెక్క, అన్నిటికన్నా పైన వంగిన కొబ్బరిచెట్టు నీడ. నిజంగా బావుంది. చూడ్డానికి వచ్చినవాళ్ళు దోమతెర ఎత్తి, అటు వంగి ఇటు వంగి చూసి, "ఇందులో ఎవరున్నారండీ?" అని అడిగారు. ఎవరూ లేరన్నాడు. "మరెందుకండీ?" అన్నారు. కొత్తపేట విగ్రహాలకి పేరున్న ఊరు. విగ్రహమైతే ఎవరిదో తెలుస్తుంది, ఏడాదికోసారి దండ వేసుకోవచ్చు. గుర్రపుడెక్కకి దండేమిటి? ఆ కాలవ బొమ్మ ఇంకా షెడ్డులోనే ఉంది. రాజ్యలక్ష్మి దాని మీద పెట్టి జాకెట్లు ఇస్త్రీ చెయ్యబోతే కొండబాబు ఆ పూట అన్నం తినలేదు.

ఇలా ఉండగా ఒకనాడు రాజోలు నుంచి మాణిక్యాలరావు గారు వచ్చారు. కొబ్బరి వర్తకుడు, మెత్తని మనిషి, కొత్త ఇల్లు కట్టుకుంటున్నారు. గృహప్రవేశానికి హాల్లో ఏదైనా ఘనంగా పెట్టాలని, అసలు విగ్రహం చేయించుకోడానికి బయల్దేరారు. తీరా వచ్చాక, విగ్రహంలో ఒక్కరే పడతారని తెలిసి నీరుగారిపోయారు. ఎవరో ఈ షెడ్డు చూపించారు.

"ఇందులో మా ఇంటిల్లిపాదీ పడతారాండీ?" అని అడిగారు ఆయన.

తలలు. మళ్ళీ తలలు. కొండబాబు గుండె జారింది. నోరు మాత్రం దాని అలవాటు ప్రకారం అది తెరుచుకుని, "ఆయ్" అంది.

ఆయన వెళ్ళాక రాజ్యలక్ష్మి కత్తెర పక్కన పెట్టి వచ్చింది. "ఏవండీ, నేనెప్పుడూ మిమ్మల్నేమీ అనలేదు. ఇప్పుడు ఒక్క మాట చెప్తాను. గృహప్రవేశానికి రాజోలు చుట్టుపక్కల జనవంతా వస్తారు. ఈ బొమ్మ ఆళ్ళ గోడెక్కిందంటే మీరు ఆర్టిస్టు. అది వెనక్కి తిరిగొచ్చిందంటే మాత్రం మీరు మర్నాడు బస్సెక్కి అమలాపురం వెళ్ళాలి, సత్యప్రసాద్ గారి కుర్చీలో కూచోవాలి. దోమతెర నాకిచ్చెయ్యాలి" అంది.

కొండబాబు ఆయ్ అన్నాడు. అనేసి వెళ్ళి, షెడ్డులో దోమతెర తాళ్ళు మరోసారి గట్టిగా బిగించి కట్టాడు.

తలలే అయినా ఫ్లెక్సీలా మాత్రం వెయ్యకూడదని ఒట్టు పెట్టుకున్నాడు. కొబ్బరితోటలో బంధువర్గం అంతా నిలబడి ఉంటుంది. పెద్దవాళ్ళు అడుగు పొరలో, తోట లోపల, చెట్ల మొదళ్ళ దగ్గర. తరవాతి వాళ్ళు మధ్య పొరలో. కొత్తగా కలిసిన వియ్యాలవారూ, అల్లుడూ, అమ్మాయీ పై పొరలో, గట్టు మీద, చూసేవాళ్ళకి దగ్గరగా. ఎంత పెద్దవారైతే అంత లోతు. వేళ్ళు లోపలే కదా ఉంటాయి. ఈ ఊహ వచ్చినప్పుడు కొండబాబుకి ఒళ్ళు పులకరించింది. ఫోన్ చేసి మాణిక్యాలరావు గారికి వివరంగా చెప్పాడు. ఆయనకి ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆయ్ అన్నారు. అటూ ఆయే, ఇటూ ఆయే, ఇక పని ఆగడానికి కారణమేముంది.

బంధువులు ఒకరి తరవాత ఒకరు ఫోన్లు చేశారు. ఒకావిడ తన వడ్డాణం కనిపించాలంది. ఒకాయన తన బట్టతల కనిపించకూడదన్నాడు. వియ్యంకుడు ప్రకాశరావు గారు తన పక్కన బులెట్ బండి కూడా పెట్టించమన్నాడు. అందరికీ ఆయ్. కొబ్బరితోటలో బులెట్ బండి కూడా వెలిసింది.

మూడు పొరలూ పోసి, ఆఖరి పొర బిగిసి, పక్కలు నున్నగా తోమేసరికి బొమ్మ తలుపు రెక్కలో సగం ఉంది. బరువు మాత్రం రెండు తలుపులంత. కొండబాబు దాని చుట్టూ ప్రదక్షిణ చేసినంత పని చేశాడు. వాన ముసురులో కూడా ఎక్కడా తెల్లమబ్బు పట్టలేదు, బుడగ లేదు. మాణిక్యాలరావు గారి చెవి దగ్గర ఒకే ఒక్క దోమ ఉంది గానీ, అది అలా ఉండడం సహజంగానే ఉంది.

సరిగ్గా అప్పుడు దిగారు జగ్గారావు గారు.

ఈయన మాణిక్యాలరావు గారికి స్వయానా అక్క మొగుడు. మర్యాద అంటే ప్రాణం. ఎవరిదో పెళ్ళిలో పక్క బంతికి ముందు పాయసం వడ్డించారని అలిగి, ఆ పెళ్ళికొడుక్కి పుట్టిన పిల్ల బడికెళ్ళేదాకా వాళ్ళ గడప తొక్కలేదు. అయితే మనిషి అసాధ్యుడు. బావమరిది ఇంటికి కంకర దించిన రోజు నుంచి కిటికీలకి గడియలు బిగించేదాకా ఎండనక వాననక దగ్గరుండి కట్టించింది ఈయనే. కొత్తపేటలో ఏదో పనుంది, పన్లో పనిగా బొమ్మలో తాను ఎలా వచ్చానో చూసి పోదామని వచ్చారు.

కోనసీమలో మనిషికి కోపం ఎంత వచ్చిందో తెలియాలంటే అరుపులు వినకూడదు, అండీలు లెక్కపెట్టాలి. జగ్గారావు గారు దోమతెర ఎత్తి చాలాసేపు చూశారు.

"వియ్యంకుడు గారు పైన ఉన్నారండి" అన్నారు.

"ఆయ్."

"ఆయన బండి కూడా పైనే ఉందండి."

"ఆయ్."

"మా మాణిక్యం మధ్యలో ఉన్నాడండి."

"ఆయ్."

"నేను అడుగున ఉన్నానండి."

"ఆయ్... అంటే, లోతులోనండి. పెద్దవారు కదండీ, అంచేత..."

"లోతంటే అడుగు కాదాండీ?"

"అదేనండి" అన్నాడు కొండబాబు.

"బండి పైనండి, నేను అడుగునండి. చాలా సంతోషవండి. ఇంకోటండి, ఆ మొహం కూడా నాది కాదండి. ఎవరిదోనండి. నాకు మీసం ఇటు ఒంగుద్దండి, మీరు అటు వంచేరండి. మరి ఉంటానండి, శెలవండి."

ఇన్ని అండీలు ఒక్కసారి మీద పడేసరికి కొండబాబు గోడకి చేరబడిపోయాడు. ఆయన వెళ్ళాక, మాణిక్యాలరావు గారు పంపిన ఆయన ఫొటో పక్కన పెట్టి చూశాడు. మీసం ఫొటోలో ఎటుందో బొమ్మలోనూ అటే ఉంది. మొహం అచ్చు గుద్దినట్టుంది. అయినా ఆయన మాట ఆయనదే.

గంట తిరక్కుండానే మాణిక్యాలరావు గారి ఫోన్.

"కొండబాబు గారూ, మా బావగారు పైకి రావాలండి."

"బిగిసిపోయిందండి."

"కొంచెం వెచ్చబెడితే కరగదాండీ? బెల్లప్పాకం అయితే కరుగుద్ది కదండీ."

"కరగదండి. ఇంక కుదరదండి" అన్నాడు కొండబాబు.

లోపల రాజ్యలక్ష్మి చేతిలో కత్తెర కింద పడింది. పెళ్ళైన దగ్గర్నుంచీ ఆ నోట ఆ మాట వినడం ఆవిడకిదే మొదలు.

అటుపక్క మాణిక్యాలరావు గారు బతిమాలుతున్నట్టు అన్నారు. "మీరేవీ అనుకోకండేం. బావగారు లేని గృహప్రవేశం మాకు గృహప్రవేశం కాదండి. ఎలాగోలా తీసుకు రండి. ఆయన ఊఁ అంటే గోడకి పెడదాం. అనకపోతే మాత్రం, మళ్ళీ అదే ఆటోలో..." అని, ఆ మాట పూర్తి చెయ్యడానికి మర్యాద అడ్డొచ్చి ఆగిపోయారు.

కొండబాబుకి ముందు నుయ్యి, వెనక గొయ్యి. గొయ్యిలో సత్యప్రసాద్ గారి కుర్చీ కూడా కనిపిస్తోంది. ఆలోచించి ఆలోచించి, జగ్గారావు గారిని మరో షీటు మీద ప్రింటు తీయించి, అన్నిటికన్నా పైన వేసి చూశాడు. అడుగున ఒక జగ్గారావు గారు చెట్టుకింద నిలబడి ఉన్నారు. పైన ఇంకో జగ్గారావు గారు వియ్యపురాలి భుజం మీదుగా తొంగి చూస్తున్నారు. బులెట్ బండి కొంచెం చాటయింది గానీ, మిగతా వ్యవహారం చూడ్డానికి ఏమీ బాగాలేదు.

"తీసెయ్యండి. ఇది బంధువర్గంలా లేదు, పోలీసు కేసులా ఉంది" అంది రాజ్యలక్ష్మి.

తీసేశాడు. ఉన్న బొమ్మని ఉన్నట్టే తీసుకెళ్ళి, బావగారి కాళ్ళు పట్టుకోవడం తప్ప దారి కనిపించలేదు.

గృహప్రవేశం రోజు పొద్దున్నే యాకోబు ఆటో మాట్లాడుకున్నారు. వాన సన్నగా పడుతోంది. బొమ్మ తడవకుండా పాత ఫ్లెక్సీలో చుట్టాడు కొండబాబు. దాంతో ఎవరో నాయకుడు చేతులు జోడించి దండం పెడుతూ రాజోలు దాకా ప్రయాణం చేశాడు. దారి పొడుగునా జనం ఆటో వైపు తిరిగి ఎదురు దండాలు పెట్టారు. "ఎవరి తాలూకండీ?" అని ఒక టీకొట్టు దగ్గర అడిగారు కూడా. "మా తాలూకానేనండి" అన్నాడు యాకోబు గంభీరంగా. నవ్వే ఓపిక కొండబాబుకి లేదు. మోకాళ్ళకి ఆనించిన బొమ్మ, పక్కన భార్య, సాయంత్రానికి తను ఆర్టిస్టో కాదో తేలిపోతుంది.

గృహప్రవేశాలన్నీ రంగు ఆరకముందే జరుగుతాయి. ఇక్కడా అంతే. హాల్లో బొమ్మ పెట్టాల్సిన గోడకి చెయ్యి ఆనిస్తే చెయ్యి ఆకుపచ్చగా వస్తోంది. "కాసేపు ఆ ఆర్చిలో నిలబెట్టండి" అన్నారు మాణిక్యాలరావు గారు. హాలుకీ భోజనాల గదికీ మధ్య గోడలో అక్వేరియం కోసం మేస్త్రీ ఒక ఖాళీ వదిలాడు. మాణిక్యాలరావు గారి భార్య భవాని గారు, "చేపల్ని పులుసు పెట్టుకుంటాం గాని, ఎదురుగా కూచుని చూస్తామేంటండీ" అని అక్వేరియం పడనివ్వలేదు. ఖాళీ ఖాళీగానే ఉండిపోయింది. యాకోబూ కొండబాబూ కలిసి బొమ్మని మోసుకెళ్ళి అందులో నిలబెట్టారు. కొలిచి చేసినట్టు పట్టింది.

హాల్లోవాళ్ళు గుంపుగా మూగారు. అందరికన్నా ముందు ప్రకాశరావు గారూ బులెట్ బండీ ధగధగా మెరుస్తున్నారు. "బండి నెంబరు కూడా సరిగ్గా వేసేరండి" అని వియ్యంకుడు పొంగిపోయాడు. వడ్డాణం ఆవిడ తన వడ్డాణం వెతుక్కుంది. కొండబాబు ఇవేవీ వినడం లేదు. అతని కళ్ళు జగ్గారావు గారి కోసం వెతుకుతున్నాయి.

జగ్గారావు గారు హాల్లో అడుగు పెట్టలేదు. పెరటి గుమ్మంలోంచి వచ్చి, నేరుగా భోజనాల గదిలో, హాలుకి వీపు పెట్టి కూచున్నారు. అలిగినవాడు అన్నం మీద కూడా అలగాలని శాస్త్రంలో ఎక్కడా లేదు. ఆయన ముందు ఆకు వేశారు. పనసపొట్టు కూర వడ్డించారు. ఆయన అక్కడ మెతుకు మెతుక్కీ అలుగుతూ, రెండోసారి కూర అడిగి వేయించుకుంటూ, శుభ్రంగా భోంచేస్తున్నారు. మాణిక్యాలరావు గారు రెండుసార్లు వెళ్ళి, "బావగారూ, ఒక్కసారి హాల్లోకొచ్చి..." అన్నారు. రెండుసార్లూ, "నాదేవుందండీ, అడుగునుండేవాణ్ణి. మీరు కానివ్వండి" అన్న సమాధానం వచ్చింది. మూడోసారి మాణిక్యాలరావు గారు వెళ్ళలేదు. నెమ్మదిగా వచ్చి కొండబాబు పక్కన నిలబడి, "యాకోబుని ఉండమన్నారు కదండీ?" అని అడిగారు.

కొండబాబు ఆయ్ అన్నాడు. ఆ ఆయ్ అతనికే వినపడలేదు. రాజ్యలక్ష్మి అటు తిరిగి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఎంత వెటకారం చేసినా, ఆ షెడ్డులో అతను వంగి కూచుని ఊపిరి బిగబట్టి రెసిన్ పోస్తుంటే గుమ్మంలో నిలబడి తనూ ఊపిరి బిగబట్టిన మనిషి ఆవిడ.

భోజనాల గదిలో పెరుగు ఆలస్యమైంది. పెరుగు కోసం జగ్గారావు గారు తల తిప్పారు. తిప్పిన తల అలాగే ఉండిపోయింది.

హాలు కిటికీల్లోంచి వచ్చిన వెలుతురు బొమ్మ గుండా పడుతోంది. షీట్లు అవతలి పక్క కనిపించేవే కదా. ఇటునుంచి చూస్తే మొట్టమొదట ఉన్నది జగ్గారావు గారు. చెట్టు మొదలు మీద చెయ్యి వేసి, పక్కన భార్యతో, మీసంతో సహా నిండుగా నిలబడి ఉన్నారు. ఆయన వెనక మాణిక్యం. ఆ వెనకెక్కడో, మంచులో దారి తప్పినవాడిలా, వియ్యంకుడు ప్రకాశరావు గారు. బండి అయితే మేకో గేదో తెలియడం లేదు.

"ఏవండీ, ఆర్టిస్టు గారూ" అని కేకేశారు జగ్గారావు గారు.

కొండబాబు వెళ్ళాడు. ఇంటిల్లిపాదీ వెనకాలే వెళ్ళారు.

"ఎప్పుడు మార్చేరిది?"

కొండబాబు నిజం చెప్పడానికి నోరు తెరిచాడు. రాజ్యలక్ష్మి అతని పాదం మీద తన పాదం వేసి గట్టిగా నొక్కింది. తెరిచిన నోట్లోంచి "ఆయ్" అని మాత్రం వచ్చింది.

"ఇప్పుడు అచ్చం నేను. మొహం కూడా సరిచేసేరు. మీసం చూడండి, ఎటుండాలో అటుంది" అన్నారాయన. అండీలు తగ్గిపోయాయి, అంటే కోపం పోయింది.

మొహం ఎవరూ సరిచెయ్యలేదు. వెనక నుంచి చూస్తే బొమ్మ కుడి ఎడమలు తిరగబడతాయి, అంతే. అద్దంలోనూ అంతే. జగ్గారావు గారు పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ రోజూ తన మొహం అద్దంలోనే చూసుకుంటూ వచ్చారు కాబట్టి, ఆయనకి తెలిసిన జగ్గారావు వీడే. ఊరంతా చూసే జగ్గారావు ఆయనకి పరాయివాడు. ఇది మనందరి సంగతీనూ, ఆయన్ని చూసి నవ్వడానికేం లేదు.

ఆయన చెయ్యి కడుక్కుని హాల్లోకి వెళ్ళి అటునుంచి కూడా చూశారు. అటు ఆయన అడుగునే ఉన్నారు, వియ్యంకుడూ బండీ ముందే ఉన్నారు. జగ్గారావు గారు మళ్ళీ భోజనాల గదిలోకి వచ్చారు. మళ్ళీ హాల్లోకి వెళ్ళారు. జనం గుమ్మంలో దారి వదిలి నిలబడ్డారు.

"ఓహో" అన్నారు చివరికి. "అలాగాండీ సంగతి. హాల్లో కూచునేదెవరండీ, వచ్చిపోయే జనం. ఆళ్ళకి బళ్ళూ గిళ్ళూ ముందు కనపడాలి, న్యాయవే. ఇటు భోజనాల్లోకి వచ్చేది ఇంట్లో మనుషులు. ఇక్కడ మనం ముందుండాలి. ఎంత ఆలోచించేరండీ మీరు. నాకు ఆ రోజే చెప్పొచ్చు కదా."

కొండబాబు ఆయ్ అన్నాడు. అతని జన్మలో అంత తేలిగ్గా పలికిన ఆయ్ ఇంకొకటి లేదు. అటు హాల్లో వియ్యంకుడు కూడా, ఊరందరికీ కనపడే పక్కన తానే ముందున్నానని సంతోషంగానే ఉన్నాడు. ఆ బొమ్మ ఆర్చిలోంచి కదలడానికి వీల్లేదని జగ్గారావు గారు ఆర్డరు వేసి, పెరుగు కోసం మళ్ళీ వచ్చి కూచున్నారు. "ఆర్చి కూడా గోడ కిందకే వస్తుంది కదా?" అని రాజ్యలక్ష్మిని చెవిలో అడిగాడు కొండబాబు. "వస్తుంది, రండి, ముందు అన్నం తిందురు గాని" అంది ఆవిడ, కళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి.

వాళ్ళు భోజనం చేసి లేచేసరికి సందడి తగ్గింది. యాకోబు ఆటో తిప్పుకుంటున్నాడు. మాణిక్యాలరావు గారు ఒక్కరే ఆర్చి దగ్గర ఉన్నారు. ఇటునుంచి చూస్తున్నారు, అటు వెళ్ళి అటునుంచి చూస్తున్నారు. ఇంతసేపూ ఎవరూ పట్టించుకోని విషయం ఒకటుంది. ఇల్లు ఎవరిదో, బొమ్మ చేయించింది ఎవరో, ఆ మనిషి ఎటునుంచి చూసినా మధ్య పొరలోనే ఉన్నాడు. ముందుకు రావడానికి ఆయనకి మూడో పక్క లేదు.

"కొండబాబు గారూ, ఇటొక్కసారి రండి."

వెళ్ళాడు.

"హాల్లోంచి చూస్తే వియ్యంకుడు గారి వెనక ఉన్నానండి. భోజనాల్లోంచి చూస్తే బావగారి వెనక ఉన్నాను."

కొండబాబు తల వంచుకున్నాడు. నిజానికి అందులో కళ ఏమీ లేదు. బంధువులంతా ఫోన్లు చేసి ఎవరి సంగతి వాళ్ళు చెప్పుకున్నారు. ఈయన కూడా చాలాసార్లు చేశారు గానీ, చేసినప్పుడల్లా అక్కగారి చీర రంగూ, అల్లుడి కళ్ళజోడూ, వియ్యపురాలి నగలూ చెప్పారు. తన గురించి ఒక్క మాటా చెప్పలేదు. అందర్నీ సర్దాక మధ్యలో కాస్త చోటు మిగిలితే కొండబాబు ఆయన్ని అక్కడ నిలబెట్టేశాడు.

"పెళ్ళైన దగ్గర్నుంచీ నేనుంటున్నది అక్కడేనండి" అన్నారు మాణిక్యాలరావు గారు, గొంతు తగ్గించి. "ఇటోళ్ళకి కోపం రాకుండా, అటోళ్ళకి కోపం రాకుండా. ఈ సంగతి నేనెవరికీ చెప్పలేదండి, భవానికి కూడా. మీకెవరు చెప్పేరు?"

కొండబాబుకి ఏడుపొచ్చినంత పనయింది. తలలు వేసీ వేసీ విసిగిపోయిన మనిషి. ఇన్నేళ్ళలో తను వేసిన బొమ్మ ముందు నిలబడి, అందులో తన తల ఎంత ఉందో కాకుండా తన బతుకెలా ఉందో చూసుకున్నవాడు ఈయనొక్కడే. ఆయ్ అనబోయాడు. అనలేకపోయాడు.

"నాకు తెలీకుండానే వేసేనండి" అన్నాడు.

"అయితే మరీ మంచిది. ఉండనివ్వండి" అన్నారాయన.

అంతలో హాల్లోంచి వియ్యంకుడు "బావగారూ, ఒకసారి ఇలా వస్తారా" అని పిలిచాడు. సరిగ్గా అదే క్షణంలో భోజనాల గదిలోంచి జగ్గారావు గారు "మాణిక్యం, కిళ్ళీలెక్కడ్రా" అని కేకేశారు. మాణిక్యాలరావు గారు ఇటు చూశారు, అటు చూశారు, ఇద్దరికీ కలిపి "ఆయ్, వస్తున్నానండి" అని, భుజం మీది కండువాతో బొమ్మ మీద పడ్డ వేలిముద్రలు తుడుస్తూ అక్కడే నిలబడిపోయారు.